కుండ మీద చెయ్యి

నందిగామ,
14 మే 2025, బుధవారం.

నేను, కంచేటి తిరుపతమ్మను. కీర్తిశేషులు రత్తయ్య గారి భార్యను. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో డెబ్బై ఒకటే ఉంది, అది రాసుకున్నవాళ్ళ తప్పు. ఇంట్లో ఉండేది నలుగురం, నేను, నా కొడుకు బసవయ్య, కోడలు, ఇంటర్ చదివే మనవరాలు యశస్విని. రెండు గేదెలు. ఊరు చిల్లకల్లు దగ్గర హైవే దిగి లోపలికొస్తే వస్తుంది. దాని పేరు నీకు తెలుసు. లోకమంతటికీ తెలిసేలా నువ్వే రాసిపెట్టావు, మళ్ళీ నా నోటితో ఎందుకు.

హైదరాబాదులో ఉండే చిరంజీవి రాజ్‌కిరణ్‌ను దీవించి రాయిస్తున్న ఉత్తరం ఇది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది చంద్రమౌళి గారు. నందిగామ కోర్టు ఎదుట రేకుల కింద బల్ల వేసుకుని ముప్పై ఏళ్ళుగా అర్జీలు రాసే మనిషి. కోర్టుకు వేసవి సెలవులు కాబట్టి ఖాళీగా దొరికారు. ఆయన అలవాటు కొద్దీ మొదట ఉభయకుశలోపరి అని రాశారు. దానర్థమేమిటండీ అని అడిగితే, ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమం అనమ్మా అన్నారు. అయితే సగం ఉంచి సగం కొట్టెయ్యండి, ఆ అబ్బాయి క్షేమంగా ఉండాలన్నది ఉంచండి చాలు అన్నా. ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను చూసి కొట్టేశారు. అందుకే పైన గీత కనబడుతుంది నీకు.

యశస్విని చేత రాయించొచ్చుగా అంటావేమో. ఇంట్లో రాస్తే ఇంటి మాట అవుతుంది. నాకు సాక్షులున్న కాగితం కావాలి. నీ అడ్రసు సంపాదించింది మా పుల్లయ్య. చిల్లకల్లు సెంటర్లో నీ సైకిల్ వెనక చక్రం బాగుచేసినవాడు. ఊరు చేరాక ఫోటో పంపిస్తానని అతని నంబరు తీసుకున్నావట కదా, ఆ నంబరు నుంచే అడిగించా. ఫోన్లోనే మాట్లాడొచ్చుగా అత్తా, ఇంత దూరం ఎందుకు అన్నాడు. ఫోన్లో మాట గాలికి పోతుందిరా, కాగితం మీదైతే నా వేలు ఉంటుంది అన్నా.

ఇక విషయానికొస్తా.

నువ్వు సైకిల్ మీద హైదరాబాదు నుంచి బందరు దాకా, హైవే వదిలేసి పల్లెలూ చిన్న చిన్న టౌన్లూ చూసుకుంటూ ఏడు రోజులు తొక్కావు. ఎక్కడ ఏం తిన్నావో, ఎవరు ఏం మాట్లాడారో ఏ రోజుకారోజు ఫోన్లో రాశావు. మా యశస్విని అంతా చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నా. బాగా రాస్తావు, కాదనను. సూర్యాపేట అవతల గొర్రెల మంద రోడ్డు దాటేదాకా అరగంట నిలబడ్డావని, పెనుగంచిప్రోలులో మునేరు ఇసకలో చెప్పులు చేత పట్టుకుని నడిచావని, నందిగామలో ఇడ్లీ బండి ఆమె నీ కాళ్ళు చూసి జాలిపడి రెండు ఎక్కువ వేసిందని. నేను పుట్టి పెరిగిన దారులే, నువ్వు చెబుతుంటే కొత్తగా ఉన్నాయి.

మధ్యలో మా ఊరు. అక్కడ ఒక ఫోటో. మా ఇంటి అరుగు, అరుగు మీద రెండు చలివేంద్రం కుండలు, ఒక కుండ మూత మీద నా చెయ్యి. కింద నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చు. మిట్టమధ్యాహ్నం దాహంతో ఆగితే, నిండు కుండ మీద చెయ్యి పెట్టి నీళ్ళు లేవు పొమ్మందట ఆ ముసలావిడ. ఎటు నుంచి వస్తున్నావని మూడుసార్లు అడిగి, కోదాడ నుంచి అనగానే మొహం తిప్పేసుకుందట. తెలంగాణ వాడినని తెలిశాక నీళ్ళు కూడా బరువైపోయాయట. పైగా, నీ తాహతుకి అదే అన్నట్టు చర్చి వీధి వైపు చెయ్యి చూపించిందట. ఆ వీధిలో ఇల్లు చిన్నదైనా మనసు పెద్దదైన ఒక తల్లి నీళ్ళూ మజ్జిగా ఇచ్చి గొంతు తడిపిందట. మూడొందల డెబ్బై కిలోమీటర్లలో కాదన్న గడప అదొక్కటేనట.

బాబూ, దాని కింద ఎంతమంది ఏమేం రాశారో చూశావుగా. ఒకడు కృష్ణా నీళ్ళు కూడా వీళ్ళు ఇట్టాగే పట్టుకుపోయారన్నాడు. ఇంకొకడు మీ వాడికి సీసా కొనుక్కునే దిక్కు లేదా అన్నాడు. వాళ్ళూ వాళ్ళూ తిట్టుకున్నారు, మధ్యలో నా చెయ్యి. ఊళ్ళో అయితే చెప్పక్కర్లేదు. పాలకేంద్రం కుర్రాడు పొద్దున్నే క్యాను పట్టుకుని, తిరుపతమ్మత్తా, పాలు పోస్తారా, ముందు ఏ రాష్ట్రమో రాసివ్వాలా అంటాడు. పిల్లలు బిందె మీద చెయ్యి పెట్టి నాలాగా మూతి ముడిచి ఫోటోలు దిగుతున్నారు. యశస్వినిని కాలేజీలో నీళ్ళమ్మ మనవరాలా అని పిలుస్తున్నారట. అది ఇంటికొచ్చి ఏడ్చింది. దానికోసమే వచ్చా. నా పేరు పోతే పోయింది, డెబ్బై నాలుగేళ్ళు వాడుకున్నా. దాని పేరు ఇంకా కొత్తది.

అందుకని నా వాదన వినాలి నువ్వు.

నీ తెలంగాణ మాట ముందు. నా పుట్టిల్లు మధిర దగ్గర. నేను ఒడిబియ్యంతో ఈ గడపలోకి కోడలిగా వచ్చిన నాడు రెండు వైపులా ఒకే రాష్ట్రం. మా మేనల్లుళ్ళు అక్కడే ఉన్నారు. గీత గీసినవాళ్ళు నన్నడిగి గియ్యలేదు. కోదాడ అంటే మొహం తిప్పుకున్నానే గానీ, తెలంగాణ అని తిప్పుకోలేదు.

ఆ చలివేంద్రం పెట్టింది నేనే. మా ఆయన పోయిన ఏడాది నుంచి, అంటే ఇరవై రెండు వేసవులు. ఉగాది నాడు కొత్త కుండలు, అడుగున తడి ఇసక, పైన గుడ్డ. లారీల వాళ్ళు తాగారు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి నడిచిపోయే వాళ్ళు తాగారు, మిరపకాయలు కొనడానికి వచ్చిన సేట్లు తాగారు. నీదేవూరు అని అడిగి ఉంటా, ఎవరైనా అడుగుతారు. ఎవరి పిల్లవాడివని అడిగి ముంచి ఇచ్చిన రోజు ఒక్కటి చూపించమను.

మరి నీకెందుకు ఇవ్వలేదంటే, ఆ పొద్దున కుండలో బల్లి పడింది.

ఇక్కడ చంద్రమౌళి గారు కలం ఆపారు. బల్లేనా అమ్మా అన్నారు. బల్లే, రాయండి అన్నా. నేను అటు తిరగగానే నువ్వు మూత తీసి తొంగిచూశావు, నీళ్ళు తేటగా ఉన్నాయి, లేవని అబద్ధమాడిందని రాశావు. బల్లిని తీసి పారేస్తే నీళ్ళు తేటగానే ఉంటాయి బాబూ, విషం కంటికి కనబడుతుందా. కోడలు తెలియక నింపి పెట్టింది, ఎవరైనా తాగుతారేమోనని పొద్దుటి నుంచి నేను అరుగు దిగకుండా కాపలా ఉన్నా. నీకొక్కడికే కాదు, ఆ రోజూ మర్నాడూ మా ఊరి వాళ్ళకి కూడా ఇవ్వలేదు. తర్వాత ఆ కుండలే పారేసి కొత్తవి పెట్టా. ఆ కుండలు జగ్గయ్యపేట నుంచి తన మోపెడ్ మీద తెచ్చింది పుల్లయ్య. అతను సాక్షి. బల్లి పడితే కడుక్కుంటారు గానీ కుండలు పారేస్తారా అని నా కోడలు అడిగింది. అడగనీ.

చివరిది చర్చి వీధి సంగతి. అది నిన్ను తీసిపారెయ్యడానికి చూపించలేదు. నిన్ను ఎండలో ఉత్తి గొంతుతో పంపలేదు అని నేననేది అందుకే. ఆరోగ్యమ్మ ఇంటికి పో, అక్కడ ఇస్తారు అని పేరు పెట్టి చెప్పా. ఆమె ఇచ్చింది కూడా. నువ్వు పెద్ద మనసున్న తల్లి అని రాసింది ఆమె గురించే. ఇదుగో ఇక్కడ నా పక్కన కూర్చుంది, రెండో సాక్షి. ఆమెకీ నాకూ పద్దెనిమిదేళ్ళుగా మాటల్లేవు. ఎందుకు లేవన్నది ఈ కాగితానికి సంబంధం లేదు. నిన్న ఆమె గడప దగ్గరికెళ్ళి నిలబడి, నందిగామ రావాలి, చూసింది చూసినట్టు చెప్పాలి అన్నా. మిరపకాయల తొడాలు తీస్తున్నది చేతులు దులుపుకుని, ఎన్నింటి బస్సు అంది. అంతే. ఈ పొద్దున బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. ఆమె కిటికీ లోంచి చూసింది, నేను ముందు సీటు కేసి చూశా.

చంద్రమౌళి గారు ఆమెను అడిగారు, బల్లిని చూశారా అని. బల్లి సంగతి నాకు తెలవదండి, ఈమె నా పేరు చెప్పి పంపిందని ఆ పిల్లోడు చెప్పిన సంగతి తెలుసు, అంతవరకే ఏలిముద్రేస్తా అంది. అబద్ధం ఆడదు. ఎప్పుడూ ఆడలేదు. నీ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఎన్ని ఇళ్ళున్నాయమ్మా అని ఆయన నన్నడిగారు. పదకొండు అన్నా. అన్నీ నీళ్ళున్న ఇళ్ళే కదా, అవన్నీ దాటించి అక్కడికెందుకు పంపావు, ఆ అబ్బాయి ఇది అడుగుతాడు అన్నారు. నేను చెప్పింది రాయండి, అడగంది రాయకండి అన్నా.

కాబట్టి, రాజ్‌కిరణ్ బాబూ, నీ వల్ల కావలసింది ఒక్కటే. ఎక్కడ రాశావో అక్కడే, అంత పెద్ద అక్షరాలతోనే, తిరుపతమ్మ నీళ్ళు లేవన్నది నీ ప్రాణం మీది జాగ్రత్త కోసమేనని, నీళ్ళున్న ఇంటికి తానే పంపిందని రాయాలి. నా మనవరాలు తలెత్తుకుని కాలేజీకి వెళ్ళాలి.

నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా సరేనని వేసిన
కంచేటి తిరుపతమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
పుల్లయ్య, సైకిల్ షాపు, చిల్లకల్లు. సంబంధం: ఎరిగినవాడు. (సంతకం)
ఆరోగ్యమ్మ, కూలి. సంబంధం: ఏమీ లేదు. (వేలిముద్ర)

తా.క.

ముద్ర పడింది కాబట్టి పైన మార్చడానికి లేదట. కింద చేర్చొచ్చట. చేరుస్తున్నా.

సాక్షి వేలు వెయ్యబోయే ముందు చంద్రమౌళి గారు ఆరోగ్యమ్మను, తిరుపతమ్మకు నువ్వేమవుతావమ్మా అని అడిగారు. ప్రతి కాగితానికీ అడిగే మాటే. ఆమె, ఏం కానండి, అట్టాగే రాయండి అంది. ఆయన అలాగే రాశారు. ఆమె వేలు వేసింది, సిరా తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూసింది. నా కొంగు ఇచ్చా. పుల్లయ్యను టీ తాగి రమ్మని పంపా. ఇంకో కాగితం తియ్యండి అన్నా.

బల్లి లేదు. ఆ కుండలో ఏమీ పడలేదు. నువ్వు చూసిందే నిజం.

ఆ రోజు నేను మైలలో ఉన్నా బాబూ. మైల ఇంట్లో మంచినీళ్ళు కూడా పైవాళ్ళకి ఇవ్వకూడదు. అందులోనూ దారిన పోయేవాడికి. చెప్పి కాదంటే తీరిపోయేది. చెప్పలేను. ఎందుకంటే ఆ ఇంట్లో మైల పట్టింది నేనొక్కదాన్నే.

నాకొక కూతురు. నీరజ. బసవయ్య తర్వాత పదమూడేళ్ళకు పుట్టింది. వాళ్ళ నాన్న దానికి సైకిల్ కొనిపెట్టారు, జగ్గయ్యపేట కాలేజీకి దాని మీదే పోయి వచ్చేది. గేటు తియ్యమని దూరం నుంచే బెల్లు కొట్టేది, దిగి తీసుకోవచ్చుగా మహారాణీ అని తిడుతూ తీసేదాన్ని. పద్దెనిమిదేళ్ళ కింద ఆరోగ్యమ్మ కొడుకు సొలొమోనును రిజిస్టరాఫీసులో చేసుకుని కోదాడ పోయింది. అతను అక్కడ బళ్ళో పంతులు. ఆ కబురు వచ్చిన పూట నేను వీధి పంపు కింద, ఊరంతా చూస్తుండగా, నెత్తిన బిందెడు నీళ్ళు పోసుకుని, నాకు కూతురు చచ్చిపోయింది, స్నానం చేసేశా అన్నా. ఎవరూ చెయ్యమనలేదు. బసవయ్య కూడా వద్దమ్మా అన్నాడు. అదేం పెళ్ళి, సంతకాలు పెడితే పెళ్ళా, ఆ పెళ్ళి నేనొప్పుకోను అని ఆరోగ్యమ్మ గడప ముందు నిలబడి అరిచా. అదే ఆఖరు, మా మాటలు.

శ్రీరామనవమి వెళ్ళిన మర్నాడు పొద్దున బసవయ్యకు ఫోనొచ్చింది, నీరజ పోయిందని. రెండేళ్ళుగా జబ్బట, నాకెవరూ చెప్పలేదు, చెప్పే దారి నేనెవరికీ ఉంచలేదు. నేను స్నానానికి లేవబోతే బసవయ్య అన్నాడు, అమ్మా, నువ్వు అప్పుడే చేసేశావుగా, ఒక మనిషికి రెండు మైలలా అని. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

ఏడవడానికి కూడా లేదు. అరుగు మీద కూర్చుని లెక్క చూసుకున్నా. పెళ్ళి కాని కూతురు పోతే పుట్టింటికి పది రోజులు. పెళ్ళయిన కూతురైతే మూడు రోజులే, మిగతాది అత్తింటి వాళ్ళది. నేనెన్ని రోజులు పట్టాలి? పెళ్ళే కాదన్నదాన్ని, నా మాట ప్రకారం పది పట్టాలి. చంద్రమౌళి గారూ, ఉన్నదున్నట్టు రాయండి. మూడే పట్టా. ఉప్పు లేని కూడు తిన్నా, చాప మీద పడుకున్నా, నాలుగో రోజు తలస్నానం చేసి కుండలు మార్చా. ఆ మూడు రోజులు పట్టడమే, ఆ పెళ్ళి ఒప్పుకోవడం. పద్దెనిమిదేళ్ళు కుదరంది అరుగు మీద కూర్చుని వేళ్ళు లెక్కపెడితే కుదిరింది. వినడానికి అది బతికి లేదు.

నువ్వొచ్చింది రెండో రోజు. సైకిల్ బెల్లు వినబడింది. ఇప్పుడు మా వీధిలో సైకిల్ బెల్లు కొట్టేవాళ్ళెవరు, అందరికీ బళ్ళేగా. చెప్పులు లేకుండా గేటు దాకా వచ్చి చూస్తే నువ్వు, నెత్తిన ఆ హెల్మెట్ చిప్పా, వెనక ఆ మూటలూ. ఎటు నుంచి అంటే కోదాడ అన్నావు. అక్కడ ఏం చూశావని అడగాలి నాకు. నోరు తిరగలేదు, మళ్ళీ ఎటు నుంచి అన్నా, మళ్ళీ అదే అన్నా. మొహం తిప్పుకున్నది నువ్వు చూడకూడదని.

ఆ తర్వాత నీ రాతలో విన్నా. కోదాడలోకి వస్తుంటే పాటలు పాడుకుంటూ ఒక శవం ఎదురొచ్చిందని, నువ్వు సైకిల్ దిగి, నెత్తి మీది చిప్ప తీసి, అది పోయేదాకా పక్కన నిలబడ్డావని. అది మా నీరజో కాదో నాకు తెలియదు, ఆరోగ్యమ్మనూ అడగలేదు. ఎవరో తెలియకుండానే నువ్వు దిగావు. నేను గేటు దాటలేదు.

పదకొండు ఇళ్ళు ఎందుకు దాటించానంటే, ఆ పూట నా వాళ్ళది అనుకోవడానికి ఊళ్ళో నాకు కనబడ్డ ఇల్లు అదొక్కటే. కానీ అదీ చావు ఇల్లే. ఆ తెల్లారే ఆమె కోడల్ని పూడ్చిపెట్టి బస్సు దిగింది. నీకు మజ్జిగ ఇచ్చిన చెయ్యి అది. మీలో మైల లేదా అని ఇప్పుడే అడిగా, నిన్నటి పిలుపు కాక పద్దెనిమిదేళ్ళకు నేనడిగిన మొదటి మాట. దాహంతో వచ్చినోడికి ముందు నీళ్ళియ్యాల, ఏడుపు ఎక్కడికి పోతది, ఉంటది అంది. ఎవరిది ధర్మమో నాకు తెలియడం లేదు బాబూ. ఒకే మనిషి కోసం నేను కుండ మూశా, ఆమె తెరిచింది.

అందుకని, నేను నీళ్ళు ఇవ్వలేదన్నది తుడిచెయ్యకు. అది జరిగింది. ఎందుకు ఇవ్వలేదో దాని కింద రాయి. నీరజ అని పేరు పెట్టి రాయి. మొదటి స్నానం అబద్ధం, రెండోది నిజం అని రాయి. బసవయ్య చదువుతాడు, చదవనీ. కంటి డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చా వాడికి. యశస్వినికి ఒక మేనత్త ఉండేదని దానికి తెలియాలి.

నీరజకి పదో తరగతి చదివే పిల్ల ఉందట. దాని సంగతి ఇందులో రాయించను. అది రాయించే సంగతి కాదు, వెళ్ళి చూడాల్సింది. కోదాడ బస్సు ఒంటిగంటన్నరకి ఉందని చంద్రమౌళి గారు చెప్పారు. ఆ పిల్ల గేటు తీస్తే తీస్తుంది, తియ్యకపోతే బయట నిలబడతా. నాకది న్యాయమే.

మళ్ళీ ఇటు వస్తే బెల్లు కొట్టు. నీళ్ళు నేనే ముంచి ఇస్తా.

కంచేటి తిరుపతమ్మ ఎడమ బొటనవేలి ముద్ర, రెండోసారి.

రాసినవారు: చంద్రమౌళి.
సాక్షి: ఆరోగ్యమ్మ. సంబంధం: వియ్యపురాలు. (వేలిముద్ర)